మాటకూ పలకకూ నడుమ: రెండేళ్ల బిడ్డ భాషావిద్య – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

రెండేళ్ల బిడ్డకు భాషను ఎవరు, ఎక్కడ, ఏ రూపంలో అందించాలన్న ప్రశ్నకు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. న్యూ లానార్క్, రోమ్, భావనగర్, అడయారు, బోర్డీ ప్రయోగాలు, 1975 తరువాతి ప్రభుత్వ పథకాలు ఆ చరిత్రలో ముఖ్య ఘట్టాలు. శిశువిద్యకు ఆద్యులైనవారు చాలావరకు మాటతోనే ఆరంభించారు. వారి సంస్థలు విస్తరించే క్రమంలో మాట వెనుకబడి అక్షరం ముందుకు వచ్చింది. భారతదేశంలో ప్రభుత్వం ఈ వయసు బిడ్డను పోషణ పరిధిలోకి తీసుకున్నదే గాని విద్య పరిధిలోకి తీసుకోలేదు. ఈ రెండు పరిణామాల పూర్వాపరాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: శిశువిద్య, తొలి అక్షరాస్యత, అక్షరాభ్యాసం, మాంటిస్సోరి, గిజుభాయి, తారాబాయి మోడక్, అంగన్‌వాడీ.

ఉపోద్ఘాతం

తెలుగువారి దృష్టిలో చదువుకు ఒక ముహూర్తం ఉంది. బాసర సరస్వతీ క్షేత్రంలో గాని, ఇంటి పూజామందిరంలో గాని పళ్లెంలో పోసిన బియ్యంలో బిడ్డ వేలు పట్టి రాయించిన నాడు చదువు మొదలైనట్లు లెక్క. అంతకు ముందు జరిగినదంతా పెంపకమే. ఈ విభజన ఎంత సహజంగా స్థిరపడిందంటే, విద్యాచరిత్ర రాసినవారు సైతం అక్షరాభ్యాసానికి పూర్వదశను తమ పరిధిలోకి రానీయలేదు. పాఠశాలల లెక్కలు, పాఠ్యపుస్తకాల ముద్రణ, బోధనాభాషా వివాదాలు వారికి ప్రధానాంశాలయ్యాయి. పలక పట్టని బిడ్డ గురించి రాయడానికి ఆధారాలు తక్కువ కావడం ఒక కారణం. ఆ వయసులో జరిగేది విద్య కాదన్న భావన మరొక కారణం.

నిజానికి భాష విషయంలో అత్యంత తీవ్రమైన కృషి జరిగేది ఆ వయసులోనే. రెండో ఏడు నిండే ప్రాంతంలో బిడ్డ విడిమాటల దశ దాటి రెండు మాటలను జతచేస్తాడు. 'తాత లేడు', 'అమ్మ బువ్వ' వంటి కూర్పుల్లో కర్త ఉంది, క్రియ ఉంది, లేమిని చెప్పే తీరు ఉంది, అడిగే తీరు ఉంది. వ్యాకరణానికి పునాది పడినది ఇక్కడే. ఇంత పని చేస్తున్న బిడ్డకు 'బోధన' అంటే ఏమిటన్నది ప్రశ్న. పలక ఇవ్వడమా, మాట కలపడమా?

వీధిబడి గుమ్మానికి ఇవతల

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో రాజధానిలోని దేశీయ విద్యాస్థితిపై విచారణకు ఆదేశించాడు. దానికి జవాబుగా బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక సుప్రసిద్ధం. అంతకుముందే, 1816లో, తెలుగు వ్యాకరణం ప్రకటించినవాడు కాబట్టి అతడి పరిశీలనలో భాషాస్పృహ కనిపిస్తుంది. జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు అతడు లెక్క చూపాడు. హిందూ బాలుర చదువు ఐదో ఏట మొదలవుతుందనీ, బియ్యంలో వేలితో రాయించే తంతుతో బడి ప్రవేశం జరుగుతుందనీ, ఆ తరువాత ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దిస్తారనీ వర్ణించాడు. ఈ వ్యాసానికి ముఖ్యమైన మరొక మాట కూడా అందులో ఉంది. బడిలో వల్లె వేయించే పద్యాల భాషకూ నిత్యవ్యవహార భాషకూ పొంతన లేదనీ, బాలుడు చదవగలిగినా అర్థం తెలియని స్థితిలో ఉంటున్నాడనీ అతడు గుర్తించాడు. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో గిడుగు రామమూర్తి లేవనెత్తిన ప్రశ్నకు ఇది పూర్వరూపం. అయితే గిడుగు వాదాన్ని సాహిత్య చరిత్రకారులు ఎక్కువగా గ్రాంథిక వ్యావహారిక వివాదంగానే చదివారు. బిడ్డ ఇంటి నుంచి తెచ్చుకున్న మాటకు బడిలో చోటున్నదా అన్న కోణంలో చదివినవారు తక్కువ.

బడికి ఐదేళ్లు గుమ్మమైతే, రెండేళ్ల బిడ్డ ఆ గుమ్మానికి చాలా దూరాన ఉన్నాడు. అక్కడ అతడికి అందినది జోల, లాలి, తారంగం, చప్పట్లు, వేళ్లు మడిచి లెక్కపెట్టే ఆటలు, చందమామను పిలిచే పాటలు. వీటిలో లయ ముందు, అర్థం తరువాత. పెద్దలు పసివారితో మాట్లాడేటప్పుడు వాడే బువ్వ, లాల, జేజి, బజ్జో వంటి మాటలను గమనిస్తే వాటి నిర్మాణం తెలుస్తుంది. అచ్చుతో ముగిసే చిన్న మాటలు, ద్విత్వాలు, ఒకే హల్లు మళ్లీ మళ్లీ పలికే తీరు, నాలుకకు సులువైన ధ్వనులు. భాషాశాస్త్రవేత్త చార్లెస్ ఫెర్గుసన్ 1964లో ఆరు భాషల్లోని శిశుభాషణను పోల్చి చూశాడు. వాటిలో మరాఠీ ఉంది, తెలుగు లేదు. కాని అతడు చూపిన లక్షణాలు తెలుగు ఇళ్లలో ఎవరైనా పోల్చుకోగలిగినవే.

ఈ గృహవిద్యను స్వర్ణయుగంగా చిత్రించడం పొరపాటు. పొలం పనికి పోయే తల్లి బిడ్డను చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో వదిలేది. ఆ ఉయ్యాల ఊపినది, బిడ్డకు మాటలు నేర్పినది చాలా ఇళ్లలో ఎనిమిదేళ్ల అక్క. అంటే తమ్ముడి భాషావిద్యకు మూల్యం అక్క చదువు. 1986 జాతీయ విద్యావిధానం శిశు సంరక్షణను బాలికల చదువుకూ, పనిచేసే స్త్రీలకూ ఆసరాగా చూసినప్పుడు దాని వెనుక ఉన్నది ఈ వాస్తవమే. అక్క బడికి పోవలసిందే. ఆమె ఖాళీ చేసిన చోట రెండేళ్ల బిడ్డతో మాట్లాడేది ఎవరన్నది మాత్రం ఆ పత్రంతో తేలిపోలేదు.

న్యూ లానార్క్ నుంచి స్పిటల్‌ఫీల్డ్స్‌కు

కాంప్‌బెల్ నివేదికకు ఏడేళ్ల ముందే స్కాట్లండులోని న్యూ లానార్క్ నూలుమిల్లు గ్రామంలో ఈ ప్రశ్నకు ఒక సమాధానం రూపుదిద్దుకొంది. మిల్లు యజమాని రాబర్ట్ ఓవెన్ 1816 జనవరి 1న ప్రారంభించిన విద్యాసంస్థలో, నడక వచ్చిన పసిపిల్లలకు ఒక ప్రత్యేక విభాగం ఉండేది. దానికి అతడు ఎంచుకున్న ఉపాధ్యాయులు ఇద్దరు. జేమ్స్ బుకానన్ చదవడం, రాయడం అంతంతమాత్రంగా వచ్చిన నేతగాడు. మాలీ యంగ్ పదిహేడేళ్ల మిల్లు కార్మికురాలు. పిల్లలను కొట్టరాదు, కటువుగా మాట్లాడరాదు, పుస్తకాలతో విసిగించరాదు, చుట్టూ ఉన్న వస్తువుల గురించి వారు అడిగినప్పుడు మాటల్లో చెప్పాలి అని ఓవెన్ నిర్దేశించాడు. పండితుడిని కాక ఓపిక గల నేతగాడిని ఎంచుకోవడంలోనే అతడి విద్యాదృక్పథం ఉంది. ఆ వయసుకు కావలసింది సంభాషణ. దానికి పాండిత్యం అక్కరలేదు.

బుకానన్ కొద్ది ఏళ్లకే లండన్ చేరాడు. అతడి బడిని చూసి ప్రేరణ పొందిన శామ్యూల్ వైల్డర్‌స్పిన్ 1820లో స్పిటల్‌ఫీల్డ్స్‌లో శిశుపాఠశాల నడపడం మొదలుపెట్టాడు. అక్కడ పిల్లల సంఖ్య పెద్దది. వారందరికీ ఒకేసారి చెప్పవలసి రావడంతో మెట్లమెట్లుగా కట్టిన 'గ్యాలరీ' వచ్చింది. అక్షరాలు, బొమ్మలు తగిలించిన స్తంభాల చుట్టూ పిల్లలు గుంపులుగా నిలబడి ఏకకంఠంతో పలికే పద్ధతి వచ్చింది. వైల్డర్‌స్పిన్‌ది దురుద్దేశం కాదు. అతడు ఆటస్థలానికి ప్రాధాన్యమిచ్చాడు, పిల్లలను ప్రేమించాడు. కాని బిడ్డ ప్రశ్నతో మొదలైన పద్ధతి ఉపాధ్యాయుడి ప్రశ్నతో మొదలయ్యే పద్ధతిగా మారిపోయింది. ఇంగ్లండు అంతటా వ్యాపించినదీ, మిషనరీల ద్వారా వలసలకు చేరినదీ ఈ రెండో నమూనాయే.

ఈ మార్పుకు సిద్ధాంతం కన్నా పరిస్థితులే ఎక్కువ కారణమని చెప్పాలి. సంభాషణను చందాదారులకు చూపలేరు. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఎదుట వందమంది పసివారు ఒక్క గొంతుతో అక్షరాలు అప్పజెబితే దాన్ని చూపవచ్చు. విద్యాసంస్థ దాతల మీదనో, రుసుము చెల్లించే తల్లిదండ్రుల మీదనో ఆధారపడిన ప్రతి చోటా ఈ ఒత్తిడి కనిపిస్తుంది. 1993లో యశ్‌పాల్ కమిటీ నర్సరీ ప్రవేశపరీక్షలను రద్దు చేయాలనీ, చదవడం, రాయడం, లెక్కలు పసిపిల్లల మీద రుద్దడాన్ని అరికట్టాలనీ సిఫారసు చేసినప్పుడు అది స్పిటల్‌ఫీల్డ్స్ వారసత్వంతోనే తలపడింది.

రోమ్ తల్లుల అభ్యర్థన

1907 జనవరిలో రోమ్ నగరంలోని శాన్ లోరెంజో కార్మికవాడలో మరియా మాంటిస్సోరి తన తొలి శిశుగృహాన్ని ఆరంభించారు. అక్కడి పిల్లల వయసు సుమారు మూడు నుంచి ఆరేళ్లు. చదవడం, రాయడం నేర్పే ఉద్దేశం ఆమెకు మొదట లేదు. కొందరు తల్లులు వచ్చి తమ పిల్లలకు అక్షరాలు నేర్పమని కోరారని ఆమే రాశారు. ఆ తల్లులు నిరక్షరాస్యులు. ఇక్కడ ఒక్క క్షణం ఆగవలసి ఉంది. అక్షరం కోసం తొందరపడే తల్లిని శిశువిద్యా నిపుణులు తరచు తప్పుపడతారు. అక్షరం లేనందువల్ల కలిగే అవమానం ఆమెకు తెలిసినంతగా నిపుణులకు తెలియదు. నేడు తెలుగు పట్టణాల్లో రెండున్నరేళ్ల బిడ్డను ప్లేస్కూలులో చేర్చి 'ఏం రాయించారు?' అని అడిగే తల్లి అభ్యర్థన శాన్ లోరెంజో తల్లుల అభ్యర్థన వంటిదే.

మాంటిస్సోరి ఆ కోరికను తీర్చారు గాని తనదైన రీతిలో తీర్చారు. గరుకు కాగితంతో చేసిన అక్షరాలను బిడ్డ వేలితో తడుముతూ వాటి ధ్వనిని పలకడం, కదిలే అక్షరాలతో మాటలు కూర్చడం ఆ రీతిలో భాగాలు. వేలితో అక్షరం దిద్దడం కాంప్‌బెల్ చూసిన ఇసుకబడిలోనూ ఉంది. తేడా అంతా క్రమంలో ఉంది. మాంటిస్సోరి బడిలో బిడ్డ తాను మాట్లాడే మాటను విడగొట్టి అక్షరానికి చేరుతాడు. వీధిబడిలో అక్షరం ముందు, మాట ఎప్పటికో.

ఈ పద్ధతిని తెలుగుకు అన్వయించేటప్పుడు లిపిభేదాన్ని విస్మరించడానికి వీల్లేదు. ఇటాలియన్ వర్ణమాలలో 21 అక్షరాలు. తెలుగు బాలుడు 56 అక్షరాలతో పాటు గుణింతాలు, ఒత్తులు నేర్చుకోవాలి. ఇవి కలిస్తే రూపాలు వందల్లోకి పోతాయి. తెలుగుకు సోదరలిపి అయిన కన్నడంలో పిల్లల తొలి పఠనాన్ని సోనాలీ నాగ్ 2007లో పరిశీలించి, అక్షరజ్ఞానం నాలుగో తరగతి దాకా సాగే దీర్ఘ ప్రక్రియ అని నిరూపించారు. కనుక రెండో ఏట 'అ ఆ'లు పలికించి సాధించగల తొందర నిజానికి తొందర కాదు. మరోవైపు తెలుగు అక్షరం స్థూలంగా ఒక ఉచ్చారణ ఖండానికి ప్రతినిధి. 'తా–రం–గం' అని తాళం వేస్తూ పలికే బిడ్డ మాటను సరిగ్గా లిపి విడగొట్టే చోటనే విడగొడుతున్నాడు. తొలి అక్షరాస్యత గురించి మాట్లాడేవారు వర్ణమాల పటాన్ని చూసినంతగా ఈ తాళాన్ని చూడకపోవడం ఆశ్చర్యం.

భావనగర్, అడయారు, బోర్డీ

మాంటిస్సోరి భారతదేశానికి రాకముందే ఆమె పద్ధతి గుజరాత్ చేరింది. న్యాయవాద వృత్తి విడిచి భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరిన గిజుభాయి బధేకా 1920లో అక్కడ బాలమందిరం స్థాపించారు. రెండున్నరేళ్లు నిండిన పిల్లలకు అందులో ప్రవేశం ఉండేది. తెలుగు పాఠకులకు గిజుభాయి 'పగటి కల' ద్వారా పరిచయం. కాని ఆ పుస్తకం నాలుగో తరగతి ఉపాధ్యాయుడి కథ. పసివారితో ఆయన చేసిన పని అంతగా ప్రచారంలోకి రాలేదు. మాంటిస్సోరి సామగ్రిని స్వీకరిస్తూనే గిజుభాయి ఒక ముఖ్యమైన మార్పు చేశారు. కట్టుకథల పట్ల మాంటిస్సోరికి సందేహముండేది. గిజుభాయి మాత్రం జానపద కథను, పాటను, అభినయాన్ని బాలమందిరం నడిబొడ్డున నిలిపారు. కథ చెప్పే విధానం మీద ప్రత్యేక గ్రంథమే రాశారు. ఇంటి గడప దగ్గర ఆగిపోయిన మౌఖిక భాషాసంపదను బడి లోపలికి తీసుకురావడం ఆయన సాధించిన పని. 1939 జూన్‌లో ఆయన మరణించారు. మాంటిస్సోరి మద్రాసులో అడుగుపెట్టినది అదే ఏడాది నవంబరులో.

దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై వచ్చిన మాంటిస్సోరి అడయారులో సుమారు 300 మందికి శిక్షణ ఆరంభించారు. అప్పటికి ఆంధ్రప్రాంతం మద్రాసు రాజధానిలో భాగం. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో ఆమె కుమారుడు మారియోను బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధించింది. ఆమె కదలికలపై ఆంక్షలు విధించింది. కుమారుడిని ఆ ఆగస్టులోనే విడుదల చేసినా, కొద్ది నెలల కోసం వచ్చిన ఆమె ఏళ్ల తరబడి ఇక్కడ ఉండవలసి వచ్చింది. శిశుగృహం వయసు కన్నా ముందున్న దశ, అంటే పుట్టుక నుంచి మూడేళ్ల దాకా, ఆమె ఆలోచనకు కేంద్రమైనది ఈ కాలంలోనే. అహమ్మదాబాదు ఉపన్యాసాల ఆధారంగా 1949లో అడయారు నుంచి వెలువడిన 'ది అబ్సార్బెంట్ మైండ్' అందుకు సాక్ష్యం. రెండేళ్ల ప్రాయంలో బిడ్డ భాష ఒక్కసారిగా విచ్చుకోవడాన్ని ఆమె అందులో విస్ఫోటంతో పోల్చారు. బిడ్డను వెంట తీసుకుపోయే తల్లుల ఆచారాన్ని ప్రశంసించారు. తల్లి సంతలో బేరమాడుతుంటే చంకలోని బిడ్డ వింటాడు. అతడితో ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడకపోయినా సంపూర్ణమైన భాష అతడి చెవిన పడుతుంది. యూరప్ నుంచి వచ్చిన విద్యావేత్త రెండేళ్ల బిడ్డకు అనువైన భాషాపాఠశాలను బజారులో చూడగలగడం చిన్న విషయం కాదు. కాని అడయారు వారసత్వంగా దేశంలో వ్యాపించినవి ఎక్కువగా పట్టణాల్లోని ఖరీదైన మాంటిస్సోరి బడులు. కొన్నింటిలో ఆ పేరు నామఫలకం మీద తప్ప మరెక్కడా లేదు.

ఖరీదు అన్న సమస్యను ఎదుర్కొన్నది తారాబాయి మోడక్. ఆమె 1923లో భావనగర్‌లో గిజుభాయితో చేరి, 1926లో ఆయనతో కలిసి నూతన బాలశిక్షణ సంఘాన్ని నెలకొల్పారు. 1945లో అనుతాయి వాఘ్‌తో కలిసి థాణా జిల్లా బోర్డీలో గ్రామీణ శిశువిద్యాకేంద్రం ఆరంభించారు. 1957లో అది కోస్‌బాడ్ కొండకు తరలింది. వార్లీ ఆదివాసీల పిల్లలు బడికి రాకపోతే బడే వారి ముంగిటికి వెళ్లింది. గింజలు, గవ్వలు, ఆకులు బోధనసామగ్రి అయ్యాయి. ముంగిటి బడి కనుక అది అంగణవాడి. పెరట్లో తమ్ముడిని ఎత్తుకుని నిలబడ్డ అక్క కూడా ఆ బడిలో భాగమే. ఇంటికీ బడికీ నడుమ గీత చెరిగిన అరుదైన ఘట్టమిది.

బరువు పట్టిక

1972లో మీనా స్వామినాథన్ అధ్యక్షతన కేంద్ర విద్యా సలహా మండలి అధ్యయన బృందం ఆరోగ్యం, పోషణ, విద్య కలిసిన శిశుసేవలను సిఫారసు చేసింది. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైంది. పేరు కోస్‌బాడ్ నుంచి వచ్చింది. స్వరూపం మాత్రం మారింది. పథకం పూర్వప్రాథమిక విద్యను మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకే కేటాయించింది. మూడేళ్ల లోపు బిడ్డకు అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు. రెండేళ్ల బిడ్డ పథకంలో ఉన్నాడు, దాని విద్యలో లేడు.

ఆ తరువాతి చట్టాలు ఈ గీతను మరింత బలపరిచాయి. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు విద్యను ప్రాథమిక హక్కుగా చేసి, ఆరేళ్ల లోపు దశను 45వ అధికరణం కింద ఆదేశిక సూత్రంగా ఉంచింది. 2009 విద్యాహక్కు చట్టం పూర్వప్రాథమిక విద్యను ప్రస్తావించిన చోట మూడేళ్లు పైబడినవారినే పేర్కొంది. 2020 జాతీయ విద్యావిధానపు 5+3+3+4 నిర్మాణం కూడా మూడేళ్లతోనే మొదలవుతుంది. రాజ్యం వదిలిన ఆ ఖాళీలోకి పట్టణాల్లో ప్లేస్కూలు వచ్చింది. పల్లెలో, వలసకూలీల గుడారాల్లో ఏదీ రాలేదు. నిర్మాణ స్థలాల్లో కూలీల పిల్లల కోసం మీరా మహాదేవన్ 1969లో ఢిల్లీలో ఆరంభించిన 'మొబైల్ క్రెషెస్' వంటివి మినహాయింపులు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు బిడ్డకు అంగన్‌వాడీ నుంచి అందేది బాలామృతం పొట్లం. దాని విలువను తక్కువ చేయడానికి లేదు. ఆకలితో ఉన్న బిడ్డకు ఏ భాషావిద్యా అంటదు. కాని పొట్లం ఇంటికి వెళుతుంది, బిడ్డ కేంద్రానికి రాడు. బరువు తూచే రోజున వచ్చినప్పుడు పట్టికలో ఒక చుక్క పడుతుంది. తల్లీబిడ్డల రక్షణ కార్డులో మాట, నడక వంటి వికాస సూచికలు ముద్రించి ఉన్నాయి. అయినా కార్యకర్త పనిని పై అధికారి కొలిచేది ప్రధానంగా తూకం, ఎత్తు, పంపిణీ లెక్కలతో. దాతల కోసం స్పిటల్‌ఫీల్డ్స్ అక్షరాలు అప్పజెప్పించింది. ఇక్కడ నివేదిక కోసం కిలోగ్రాములు నమోదవుతున్నాయి. చూపడానికి వీలైనదే జరిగినట్లు లెక్క కావడంలో తేడా లేదు.

2024 మార్చిలో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ పుట్టుక నుంచి మూడేళ్ల వరకు 'నవచేతన' పేరిట జాతీయ చట్రాన్ని విడుదల చేసింది. మూడు నుంచి ఆరేళ్లకు 'ఆధారశిల' వచ్చింది. మొదటిదానిలో వయసుల వారీగా బిడ్డతో ఆడవలసిన, మాట్లాడవలసిన కృత్యాలను నెలల క్యాలెండరుగా కూర్చారు. 1975లో గీసిన గీతను అధికారికంగా దాటిన పత్రంగా దీనికి ప్రాముఖ్యం ఉంది. దాన్ని అమలు చేయవలసినది మాత్రం ఇప్పటికే తూకం, వంట, టీకాల తేదీలు, ఫోనులో నమోదులు మోస్తున్న అదే కార్యకర్త.

భాష విషయంలో మరొక చిక్కు ఉంది. ఈ కృత్యాలు తెలుగులోకి వచ్చినంత మాత్రాన తెలుగు రాష్ట్రాల బిడ్డలందరికీ చేరినట్లు కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో సవర, కోయ, గోండి, లంబాడీ సహా ఎనిమిది భాషల్లో ఆరంభించిన బహుభాషా విద్య ఒకటో తరగతితో మొదలైంది. అప్పటికి బిడ్డకు ఐదేళ్లు దాటుతాయి. గిడుగు సవర పిల్లల కోసం సవరలో పుస్తకాలు రాసి, బడులు నడిపి శతాబ్దం గడిచింది. సవర తల్లి రెండేళ్ల బిడ్డతో ఆడే మాటలు, కోయ ఇంట్లో అక్క తమ్ముడికి నేర్పే లయలు, తండాలో నానమ్మ చెప్పే లంబాడీ పొడుపులు క్రమపద్ధతిలో సేకరించి, వయసుల వారీగా అమర్చిన సంపుటాలు ఉంటేనే కార్యకర్త చేతిలోని క్యాలెండరు ఆ ఇళ్లలో పలుకుతుంది. విశ్వవిద్యాలయాల తెలుగు, భాషాశాస్త్ర, జానపద విజ్ఞాన శాఖల పరిశోధకులు చేపట్టదగిన క్షేత్రకార్యం ఇది. ఆ మాటలు తెలిసిన నానమ్మలు ఉండగానే చేయవలసిన పని.